మొద్దంచు

సోంపేట బస్టాండు వెనక
మోటార్లకి తీగ చుట్టే కొట్టు నాది.
కాలిన పంపుసెట్ల కంపు ఎరిగిన ముక్కుకి
కర్ర వాసన కొత్త.

రెండువేల మూడొందలకి వచ్చింది రూటరు మిషను.
పెట్టె విప్పగానే దాని పొట్ట కూడా విప్పాను,
అలవాటు, ఏం చేస్తాం.
బేరింగులో గ్రీజు పైపైన పూశారు,
కార్బన్ బ్రష్షులు అగ్గిపుల్ల తలలంత.
"చవకే గాని చచ్చే రకం కాదురా" అన్నాను.
మా కుర్రాడు డిల్లేసు నమ్మలేదు.

బల్ల కొనలేదు.
పాత బాత్రూం తలుపు,
నీళ్లకి చీకిన అడుగుభాగం కోసి పారేసి
మధ్యలో కన్నం పెట్టి
మిషన్ని గబ్బిలంలా కిందకి వేలాడదీశాను.
ఎత్తూ పల్లం సర్దడానికి
మెకానిక్ లోహిదాసు ఇచ్చిన తుప్పు జాకీ.
చెక్క ఆనుకుని నడవడానికి
అల్యూమినియం కిటికీ ముక్క.

మొదటిరోజు ఎడమ నుంచి కుడికి తోశాను.
బిట్టు చెక్కని నా చేతిలోంచి లాక్కుని
గోడకేసి కొట్టింది.
క్యాలెండర్లో పదహారో తారీకు చిరిగిపోయింది.
తిరిగేదానికి ఎదురు వెళ్లాలి,
దాంతోపాటు పోతే చెయ్యి మనది కాదు.

ఇదంతా దమయంతి వదిన కోసం అంటే అబద్ధం.
సరదా. నలభై ఏడేళ్లకి పట్టిన సరదా.
వదిన మధ్యలో వచ్చింది.

వారానికి రెండుసార్లు ఆటోలో పలాస వెళ్తుంది.
ఎడమచెయ్యి చాపి
నాలుగు గంటలు మంచం మీద.
జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడిన వేళ్లు
ఎంత కడిగినా తెల్లబడవు,
రక్తాన్ని మాత్రం కడిగి పంపిస్తారు.
"మంచం ఇనప పట్టీ సెయ్యికి ఒత్తుకుంటంది.
మరేటీ లేదు" అంది.
ఆ "మరేటీ లేదు" కొట్టులో చాలాసేపు ఉండిపోయింది.

తుఫానుకి వాళ్ల దొడ్లో పడిన పనస
పలకలుగా కోయించి అటకెక్కించి ఏళ్లైంది.
ఒకటి దింపాను.
మూరెడు పొడవు, జానెడు వెడల్పు,
మధ్యలో చెయ్యి పడుకునేంత పల్లం.
ఒక్కసారే లోతుకి దిగకూడదు.
రెండు మిల్లీమీటర్లు, జాకీ కొంచెం, మళ్లీ రెండు.
పొట్టు కనురెప్పల మీదా, టీగ్లాసులో, డిల్లేసు మీసాల్లో.
సాయంత్రం ఓల్టేజీ పడిపోతే
మిషను గొంతు జీరపోయేది.
మోటారు ఏడుపు నాకు తెలుసు, ఆపేసేవాణ్ని.
ఒకచోట తటపటాయించాను, కర్ర కమిలింది.
ఆ మచ్చ ఇంకా ఉంది.

అంచులకి నగిషీ బిట్టు పెట్టాను,
పెళ్లిపీటకున్నట్టు మెట్లు మెట్లుగా.
గర్వంగానే చూపించాను.
వదిన వేలితో చుట్టూ తడిమి
"బాగుంది. గాని ఈ సందుల్లో మురికి చేరదా?
నర్సమ్మ తుడుసుకోవాల గదా.
మొద్దుగా సెయ్యి" అంది.

మొద్దుగా చెయ్యడం కష్టమని
ఎవరూ చెప్పలేదు.
నగిషీ అంతా కోసేసి
ఇంకో బిట్టు బిగించాను,
కొసన బఠాణీ గింజంత బేరింగు ఉన్నది.
అది అంచుని పట్టుకుని గుడ్డివాడిలా నడిచింది,
వెళ్లినచోటల్లా మూల పోయింది.
ఉప్పుకాగితంతో రెండు పూటలు రుద్ది
వార్నీషు మూడు పూతలు.

కొలత సరిపోయిందో లేదో చూద్దామని
ఆమె చేతిని పల్లంలో పెట్టించాను.
మోచేతి దగ్గర ఉబ్బిన నరం కింద
ఏదో సన్నగా గుర్రుమంటోంది.
వేలు తీయబోయాను.
"ఉండనీ. అదాగితేనే డాకట్రుకి చెప్పమన్నారు."
పాతికేళ్లుగా మోటార్ల మీద చెయ్యి పెట్టి
బాగుందో లేదో చెబుతున్నాను.
బాగుంది అన్నాను.

పోయిన శుక్రవారం
పలాస నుంచి వస్తూ ఒక దారం తెచ్చింది,
రెండు ముడులతో.
పక్క మంచం ధర్మారావు గారి కొలతట.
ఆయనది కుడిచెయ్యి.