ఒంటెల లెక్క

హఫూఫ్ స్టేషన్ వెనక, ఖర్జూర తోటల అంచున
మర్జూక్ తాత ఇంట్ల ఒక రిజిస్టరున్నది.
అట్ట ఊడితే గోనెదారంతో కుట్టిండ్రు.
ఈ దేశపు రైలు చరిత్ర అదేనంటడు తాత.
పెద్దాఫీసుల ఇంకోటున్నదట గాని
దాంట్ల అన్నీ రిబ్బన్లు కోసిన ఫోటోలేనట.

"రైలు నీళ్ళల్ల పుట్టింది" అని మొదలువెడతడు.
దమ్మాం కాడ సముద్రంలకు కనుచూపు దూరం వంతెన,
వంతెన మీద పట్టాలు.
ఓడలకెల్లి దిగిన చెక్క స్లీపర్లు, సీలలు, ఇంజన్లు
ఉప్పునీళ్ళ మీదికెల్లి నడిచొచ్చి
ఇసుకల కాలువెట్టినయట.
బొగ్గెరగదు, పొగెరగదు. డీజిలే.
పుట్టుడే నూనె తాగుకుంట పుట్టిందంటడు
పండ్లు లేని నోటితోని నవ్వుకుంట.

తాత వాళ్ళ నాయిన ఒంటెలు తోలేటోడు.
ఉఖైర్ రేవు నుంచి హఫూఫ్ దాకా
బియ్యం మూటలు, బట్ట తాన్లు.
రైలొచ్చిన ఏడు ఒంటెలమ్మిండు.
మరుసటేడు కంపెనీ పిలిచి నౌకరిచ్చింది:
పట్టాల మీదికెల్లి ఒంటెల్ని అదిలించుడు.
తను అమ్మినయే కొన్ని, వాసన పట్టి దగ్గరికొచ్చేటియట.
రాయి ఇసిరేటోడట.

రాత్రి బండి కింద పడ్డ వాటికి లెక్కుండాలె గదా.
అదే ఈ రిజిస్టరు.
తేదీ, కిలోమీటరు ఎవరో రాసేది.
నాయినకు అక్షరం రాదు,
తొడ మీది వాత చూసి గుర్తు గీసేటోడు.
ఏ తెగదో, పైసలు ఎవరికి ముట్టాలెనో.
తాత వేలు పెట్టి చదువుతడు:

నూటిరవై ఏడు. ఆడది. చూలుది. రెండు గీతలు, ఒక సున్న.
తొంభై మూడు. గుడ్డిది. గుర్తు లేదు. పైసలు ఎవరికీ ఇయ్యలే.
నూటిరవై ఏడు, మళ్ళ. దాని పిల్లేమో.

"మనుషులు?" అనడిగిన ఓసారి.
వాళ్ళది పెద్దాఫీసుల ఉంటదన్నడు.
ఉంటదా తాతా అంటే
చాయ పోసిండు.

మేం ఇసుకెత్తేటోళ్ళం.
షమాల్ గాలి రాత్రంత తెచ్చి పోస్తది,
మేం పగలంత ఎత్తిపోస్తం.
రాజలింగం నాకంటే నాలుగేండ్లు ముందొచ్చిండు.
వాళ్ళది మెట్‌పల్లి దిక్కు.
బిడ్డ పుట్టిన ఏడు చెల్కల సర్వే రాళ్ళు పాతిండ్రట,
బిడ్డ పదో తరగతికొచ్చినా రైలు రాలే.
అరెకరం లైను కింద పోయింది.
ఆ పైసలతోనే వీసా కొన్నడు.
వచ్చి ఇక్కడ లైను మీద పడ్డడు.

ఎట్లున్నవని అడిగేటోడు కాదు ఫోన్ల.
"కంకర పోసిండ్రా? కట్ట ఎంత దాకొచ్చింది?"
బీడీలు చుట్టుకుంట భార్య చెప్పేది:
కట్ట మీద మేకలు మేస్తున్నయని.
ఒకరోజు మాత్రం, బండి కూత వినిపిస్తున్నదని
ఫోను కిటికీల పెట్టిందట.
ఆ రోజు మా అందరికీ ఖబూస్ రొట్టెలు కొన్నడు.

జూన్ల, పన్నెండు దాటినంక
పార పట్టాకు తగిలిన సప్పుడైంది.
మేం తిరిగి చూసినం.

విమానంల పోయిండు. ఊళ్ళె రైలుండంగ.

నెల మాసికం నాటికి తాత ఇంటికి పోయిన.
నేనేం అడగలే.
తనే రిజిస్టరు దీసి, ఖాళీ పేజీ ఎతికి, తేదీ రాసిండు.
నూట ముప్పై ఒకటి. మగ.
కలం నా చేతికిచ్చి
"గుర్తు?" అన్నడు.

ఏం గీయాలె?
'ర' రాసిన. తలకట్టుతోని.

అద్దాలు నుదుటి మీదికి జరిపి
పేజీని కండ్లకు ఆనిచ్చి చూసిండు.
ఇన్నేండ్లల్ల ఎన్ని వాతలు చూసిన,
నెత్తి మీద కొమ్మున్నది చూడలే అన్నడు.
"ఏ తెగ?"

"మెట్‌పల్లి."

రాసుకున్నడు.
పైసల గడి కాడికొచ్చి నా దిక్కు చూసిండు.
నేను చెప్పలే.