రెండో కోటు

నిచ్చెన మీద ముప్పై ఒక్క ఏండ్లాయె నాకు.
కిందున్నోళ్లకు అక్షరాలు కనవడ్తయ్,
పైనున్నోని మడిమల పగుళ్లు కనవడయ్.

జలీల్ ఉస్తాద్ బ్రష్ చేతికిచ్చింది మూడో ఏట.
మొదటి ఏడంత డబ్బాలు కడిగించిండు,
రెండో ఏడు గోడలు గీకించిండు.
"ముందు దీవార్‌ని చదువు బేటా,
రాసుడు తర్వాత" అనేటోడు.
గోళ్లల్ల సున్నం, అన్నంల సున్నం వాసన.
మస్తు కోపమొచ్చేది.

"ళ" వొంపు చేతికి దిగనీకె ఏడేండ్లు పట్టింది.
వానకాలం ఇప్పటికీ జర వంకర పోతది.

ఫ్లెక్సీలొచ్చినంక మాల సగం మంది ఆటోలు పట్టిండ్రు.
నేను పట్టలే. ధైర్యం కాదు,
నాకు డ్రైవింగ్ రాదు.

నిరుడు నిమజ్జనం నాడు
బషీర్‌బాగ్ కాడ, లారీ ముంగట,
మా నింబోలిఅడ్డ పోరడు లింబాద్రి
తీన్మార్ ఆడుతుంటే చెప్పు తెగింది.
పడబోయి, తూలి, ఒంటికాలు మీద ఆగిండు.
చెప్పు తెగుడును
స్టెప్పు అనుకున్నరు జనం.

తెల్లారేసరికి ఇరవై లక్షల మంది చూసిండ్రంట.
రేకుల గోదాంల నౌకరి ఆ పొద్దే ఇడిసిండు.
దిల్‌సుఖ్‌నగర్‌ల బట్టల దుకాణం రిబ్బన్,
కొంపల్లిల బిర్యానీ హోటల్ రిబ్బన్,
ఎక్కడికి పోయినా కొత్త చెప్పులు కొనుడు
అందరి ముంగట తెంపుడు.
వాళ్లమ్మ తెగిన జతలన్నీ బస్తాల దాచింది,
కుట్టిస్తే పనికొస్తయని.

దసరా దాటంగనే షట్టర్ కిరాయికి తీసుకొని
నా తానికి ఉరికొచ్చిండు.
"అన్నా, లింబు డాన్స్ స్టూడియో. సాయంత్రానికల్లా."
ప్రైమర్ ఆరనీకె రెండు దినాలన్న.
"రెండు దినాలల్ల జమానా మారుతదన్నా!"
తప్పేం చెప్పలే వాడు.
బేరం గూడ ఆడలే.
తడి మీదనే రాసిన.

నేనేదో మంచోణ్ననుకోకుండ్రి.
వాని వీడియోల బోర్డు పడ్తదని
మూలకు, ఎర్ర రంగుల,
నా ఫోన్ నంబర్ రాసుకున్న.
రాత్రి రెండు సార్లు లేచి ఫోన్ చూసుకున్న.
ఒక్కడు గూడ చెయ్యలే.

నుమాయిష్ మొదలయ్యేసరికి
ఇంకెవడో సాసర్‌ల చాయ్ పోసుకొని నవ్విండంట,
లోకమంత అటు మర్లింది.
నాంపల్లి స్టేజీ మీద లింబాద్రి చెప్పు తెంపిండు.
సీటీ వినవడలే.
ముంగట వరుసల ఒక చిన్నపిల్ల
"అయ్యో, చెప్పు తెగిందమ్మా" అన్నది.
అన్ని లక్షల మందిల
ఉన్నది ఉన్నట్టు చూసింది ఆ పిల్లొక్కతే.

ఎండాకాలం మళ్లొచ్చిండు.
"పేరు తీసెయ్యాలన్నా. షట్టర్ గిర్నోళ్లకు ఇచ్చిండ్రు."
గోటితో గీకితే "డా" మొత్తం
అట్టు లెక్క ఊడి చేతికొచ్చింది.
మిగిలిన దాని మీద తెల్లరంగు వేసిన.
అయినా లోపలికెళ్లి తొంగి చూస్తనే ఉన్నది.

"పోతలేదేందన్నా?"
"ఒక్క కోటుకు పేరు చావదు.
ఇది ఆరాలె. రేపు ఇంకో కోటు."
పోతడనుకున్న. పోలే.
ఫుట్‌పాత్ మీద కూసొని
రంగు ఆరుతుంటే చూసిండు.
ఆరుడుల చూసేదేముంటది?
పొద్దుగూకేదాంక చూసిండు.

బర్కత్‌పురల ఒక మెడికల్ షాపున్నది,
తొంభై ఎనిమిదిల రాసిన బోర్డు.
తండ్రి పోయి కొడుకొచ్చిండు, అక్షరం కదలలే.
కింద నా పేరు లేదు.
అర్ధరాత్రి జ్వరం పిల్లనెత్తుకొచ్చినోడు
ఆ బోర్డు చదువుతడు, మందు తీసుకుంటడు, పోతడు.
దీన్ని ఏమంటరో నాకు తెల్వది.
గెలుపంటే ఉస్తాద్ నవ్వుతుండె.

తెల్లారి ఏడింటికే వచ్చిండు.
"నిచ్చెన పట్టుకో" అన్న. పట్టుకున్నడు.
పైనుంచి చూస్తే వాని కాళ్లు కనవడ్డయ్.
చెప్పులు పాతయే.
రెండూ మంచిగున్నయ్.

ఇది ఆరినంక రాయాల్సింది
"మంగళ పిండి గిర్ని."
నడుమ "ళ" ఉన్నది.
వాన వచ్చేటట్టున్నది.