బొమ్మ పడ్డాక

సోమవారం పొద్దున ఎనిమిదింపావు, మహదేవపుర.
నాలుగో అంతస్తులో ఏసీ
ఇంకా రాత్రే అనుకుంటోంది.
ఎనిమిదికి నా షిఫ్టు అయిపోయింది.
అదే నిమిషంలో, ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో,
స్కోరు సమమైంది.
అందుకని వాళ్ళకూ ఓవర్‌టైమ్, నాకూ.
వాళ్ళది తెర మీద పెద్దక్షరాలతో వేస్తారు,
నాది ఎక్కడా రాయరు.

పని తేలికే.
కోలబంతి కదిలిన ప్రతిసారీ
ఎన్నో డౌను, ఇంకా ఎన్ని గజాలు,
ఎవరు విసిరారు, ఎవరి వేళ్ళలోంచి జారింది,
ఆరు సెకన్లలోపు మీట నొక్కి చెప్పాలి.
మూడేళ్ళుగా చెబుతున్నాను.
ఆ బంతి బరువెంతో నాకు తెలీదు.
గజాలు మాత్రం తెలుసు:
హిందూపురంలో మా చిన్నాన్న గుడ్డలంగడి,
ఇనప గజంబద్ద, దాని చివర అరిగిన ఇత్తడి.
కొలిచేటప్పుడు బొటనవేలితో గుడ్డను
కొంచెం, కొంచెమే, సాగదీసేవాడు.

నాణెం పైకి లేచి మంచులో పడింది.
తెల్లచొక్కాల కెప్టెన్ గెలిచాడు.
గెలిచి, "బంతి వాళ్ళకివ్వండి" అన్నాడు.

"గెల్చి మరీ ఇచ్చేస్తాడేంది!"
పెంచలయ్య హెడ్‌సెట్ మెడలోకి జార్చాడు.
ఇదివరకు ముందు బంతి దొరికినవాడు
గీత దాటితే ఆట అక్కడికి సరి.
రెండోవాడు బంతిని తాకకుండానే ఇంటికి.
ఇప్పుడు ఇద్దరికీ చెరో వంతు.
వెనక ఆడేవాడికి లెక్క ముందే తెలుసు:
మూడు కావాలా, ఏడు కావాలా,
నాలుగో డౌనులో తన్నాలా, తెగించాలా.
"ముందొచ్చిన చెవులకంటే..." అని పెంచలయ్య మొదలెడితే
ఇలియాస్ టీ కప్పు దించకుండానే అన్నాడు:
"మరి మూడో వంతో?
రెండు వంతుల తర్వాతా సమమైతే
బంతి మళ్ళీ ముందువాడిదే.
అప్పుడు ఎవరు కొడితే వాళ్ళదే ఆట.
నీ కొమ్ములు మొలిచేలోపు
చెవులు ఇంకోసారి వచ్చేస్తాయి సామీ."

నేనేమీ అనలేదు.
పదింటికి హెచ్‌ఆర్ గదిలో నా వంతు ఉంది.

పోయినేడు ఆమె, ప్రమీళా కురియన్,
"ఎంత అనుకుంటున్నారు?" అని అడిగింది.
రాత్రంతా బాత్రూం అద్దం ముందు
పలికి చూసుకున్న అంకె చెప్పాను.
ఆమె పెన్ను ఎక్కడా ఆగకుండా రాసేసింది.
అంత సాఫీగా రాసేసరికి తెలిసింది
తక్కువ అడిగానని.

ఎర్రచొక్కాలు పదకొండు ఆటలు ఆడారు.
నేను పదకొండుసార్లు నొక్కాను.
చివరికి ఆగిపోయి, తన్ని, మూడు తీసుకున్నారు.
ఇప్పుడు తెల్లచొక్కాలకు అన్నీ తెలుసు.
మూడైతే సమం, ఆరైతే గెలుపు.
దొర్లుతూ, లేస్తూ గోలు దగ్గరిదాకా వచ్చి
నాలుగో డౌను, రెండు గజాల దగ్గర నిలబడ్డారు.
తన్నితే సమమే. కానీ ఇలియాస్ చెప్పిన మూడో వంతు
అవతలి గట్టున ఒళ్ళు విరుచుకుంటోంది.

కోచ్ కాగితంతో నోరు కప్పుకున్నాడు.
తన్నేవాణ్ణి పిలవలేదు.

పదిమంది కింద బంతి.
కెమెరాలు కొలిచాయి.
బెత్తెడు తక్కువ.
సాగదీసే బొటనవేలు అక్కడెవరికీ లేదు.
"ఫోర్త్ డౌన్. ఫెయిల్." నొక్కాను.
పెంచలయ్య గోడ వైపు తిరిగి టిఫిన్ డబ్బా విప్పాడు.
ఇలియాస్ కూడా గెలిచినట్టు లేడు.

పది గంటలు.
గదిలో నిమ్మకాయ వాసన, రెండు కుర్చీలు,
కిటికీ కింద టిన్ ఫ్యాక్టరీ వైపు కదలని బస్సులు.
"చెప్పండి నాగవేణీ, ఎంత అనుకుంటున్నారు?"
"ఈసారి ముందు మీరు చెప్పండి మేడమ్."

ఆమె పెన్ను ఆగింది.
మూత పెట్టింది. నవ్వింది.
"లేదు లేదు, మీరే."

మా మధ్య బల్ల మీద
ఒక తెల్లకాగితం, ఇంకేమీ లేదు.
ఆరు సెకన్లు దాటాయి.
నేనింకా
ఏ మీటా నొక్కలేదు.