తాడు పట్టినోళ్లు

నాలుగొద్దుల సంది ముసురు.
పలకల మీద పొద్దు మొకమే పెట్టలే.
బ్యాటరీల గదిల ఎర్రంకె: పద్దెనిమిది.
పదికి దిగితే దానంతట అదే పడిపోతది,
పెంట మొత్తం చీకటి.

కాపీ ముంగటేసుకుని కూసున్న.
మండ్లి గురువయ్య, రెండు బుగ్గలు, ఒక ఫోను.
ఉడుతనూరి పోశమ్మ, ఒక బుగ్గ, బాకీ నలభై.
పిండి గిర్నీ బందు. టీవీ బందు.
పోరగాండ్లు నన్ను తిట్టుకుంటున్నరు, ఇనబడ్తనే ఉంది.
నర్సమ్మ ఫ్రిజ్జుల పాముకాటు మందుంది,
అది మాత్రం నడువాలె.

శ్రీశైలం కరెంటు మా నెత్తి మీదికెల్లే పట్నం పోతది.
ముసురుల ఆ తీగలు గుయ్యిమంటయి.
దాని మోతనే గని దాని మొకం చూడలే.
ఇన్నేండ్లు మాకు
ఎలుగంటే గుడ్డెలుగే.

పలకలు దింపిన నాడు సారు అడిగిండు,
తాళంచెవి ఎవలకియ్యాలె, చదువుకున్నోళ్లు ఎవలు అని.
బయ్యన్న తాత చుట్ట తీసి నవ్విండు.
తేనెకు కొండ చరియ దిగేటోడు
తాడు అన్నదమ్ముల చేతికియ్యడు సారూ,
బామ్మర్దికిస్తడు.
వాడు ఇడిస్తే బొట్టు పోయేది వాని అక్కదే.
గట్లనే ఈ తాళంచెవి
తీగ ఆఖరుకున్న గుడిసెకియ్యుండ్రి.
కరెంటు సన్నగైతే ముందుగాల గుడ్డిగయ్యేది ఆ బుగ్గనే.

ఆ గుడిసె నాది.
ఐదు దాక చదివిన, లెక్కలొస్తయి.
ఎవ్వరూ అది అడుగలే.

పదిహేడు.
మా ఇంటి మీట కిందికన్న.
అవుతల గంటె కిందపడ్డ సప్పుడు,
మా ఆయన గొణుగుడు.

ఇంక ఎవలది?
బాట మీది బుగ్గ ఆర్పితే గుడ్డెలుగు వస్తది.
గురువయ్య ఇంట్ల తొమ్మిదొద్దుల బాలింత.
పోశమ్మది ఆర్పితే
బాకీ ఉందని ఆర్పిందంటది, ఏడాది దాక అంటది.

మీట మీద చెయ్యి పెట్టి కూసున్న.
అరచేతుల తాడు ఒరుసుకున్నట్టే మంట.
మా అన్న దిగినప్పుడు
మా వదినె తమ్ముడు గిట్లనే కూసునేటోడా,
కింద ఏమున్నదో కనబడక?

తలుపు కాడ దగ్గు.
పోశమ్మ, తల మీద యూరియా సంచి కప్పుకుని.
"ఆర్పుతవని తెలుసు. ఆర్పు.
కని కాపీల రాయి, ఆర్పిన రాత్రికి పైసల్లేవని.
నా ముంగటనే రాయి."

రాసిన.
సదువు రాకున్నా వంగి చూసింది,
అక్షరాల మీద వేలు పెట్టి.

పదహారు.