దిగిన వేళ

పిట్టెన్‌వీమ్.
ఊరి పేరులో పిట్ట ఉందని నవ్వుకున్నది నేనొక్కదాన్నే.
స్కాట్లండు తూర్పు గట్టున
చేపల బోట్లు, రాతి మెట్లు, ఉప్పు పట్టిన కిటికీలు.
రోజూ పొద్దున్నే ఆ మెట్లెక్కేదాన్ని
తొంభై మూడేళ్ళ ఎఫీ బిరెల్‌కి
కాళ్ళు కడిగి మేజోళ్ళు తొడగడానికి.
కంపెనీ ఇచ్చిన కాగితంలో రెండు గళ్ళు:
వచ్చిన వేళ, వెళ్ళిన వేళ.
మధ్యలో అరగంట.

ఆ అరగంటల్లోనే,
ఒక మడమకీ ఇంకో మడమకీ మధ్య,
వాళ్ళన్న గురించి చెప్పింది.

ఎబెన్‌కి సముద్రమంటే భయం.
తాతకి బోటు, నాన్నకి బోటు,
వీడికి మాత్రం రేవు దాటితే వాంతులు.
బోటులో పంది అనే మాట అనకూడదట,
ఎవరైనా నోరు జారితే గబుక్కున ఇనుము ముట్టుకోవాలట.
వీడు ఎవరూ ఏమీ అనకముందే
లంగరు పట్టుకుని కూర్చునేవాడు.
యుద్ధం రాగానే
"నేను గాల్లోకి పోతా" అన్నాడు.
నేవీ వాళ్ళు సరేనని రెక్కలిచ్చి
సముద్రం మీదకే పంపారు.

ఇక్కడ ఎఫీ నవ్వుతుంది.
పళ్ళు గ్లాసులో ఉంటాయి.

రెండంతస్తుల రెక్కల విమానం.
ఒంటినిండా గుడ్డే, రంగు పూసిన గుడ్డ.
సెలవుకొచ్చినప్పుడు చెల్లెలికొక్కదానికే చెప్పాడు:
"ముట్టుకుందామంటే ఇనుము దొరకదే, ఎఫీ!
వెతగ్గా వెతగ్గా సీటు కింద ఒక్క కడ్డీ."

క్రెయిల్ మైదానం ఆరు మైళ్ళే.
టార్పెడో వదలడం అక్కడే నేర్చుకున్నాడు,
నురగ బుడగలు లెక్కపెట్టగలిగేంత కిందికి దిగి.
ఇంటి మీదుగా పోతే ఒక రెక్క వంచేవాడు.
తీగ మీద దుప్పట్లు ఆరేస్తున్న అమ్మ
తలెత్తేది కాదు.
క్లిప్పు పంటితో పట్టుకునే
"తిన్నాడో లేదో" అనేది.

నలభై మూడు, మే నెల. వాడికి ఇరవై ఒకటి.
పొద్దున ఎండ. పదింటికి సముద్రం మీంచి మంచు లేచింది,
పాలు పొంగినట్టు, చప్పుడు లేకుండా.
శత్రువు లేడు. తుపాకీ పేలలేదు.
మోటారు మోత ఇంటి మీదకొచ్చి,
ఆగకుండా, పడకుండా,
పలచబడిపోయింది.
ఎఫీ అప్పుడు బంగాళాదుంప చెక్కు తీస్తోంది.
చెక్కు తెగలేదట, మొత్తం ఒకటే చుట్ట.
అదెందుకు గుర్తుందో తెలీదట.

ఆగస్టులో నాన్న వలలో
హెరింగులతో పాటు చెయ్యంత గుడ్డముక్క వచ్చింది,
రంగు పూసిన గుడ్డ.
ఆ రోజు పడ్డ చేపనంతా తిరిగి నీళ్ళలో పోసేశాడు.
ఇంటికొచ్చి బొగ్గు ధర గురించి మాట్లాడాడు.

బిస్కెట్ల డబ్బాలో ఎబెన్ పద్దు పుస్తకం.
ఎక్కిన వేళ, దిగిన వేళ, గాల్లో ఎంతసేపు.
అంతా వాడి రాతే, కుడికి వాలి, నీలం సిరా.
చివరి వరస నల్ల సిరా, ఇంకెవరిదో నిటారు రాత.
ముప్ఫై ఐదు నిమిషాలు.
దిగిన వేళ గడిలో చిన్న గీత.
కింద మొత్తం కూడి పెట్టారు:
నూట తొంభై నాలుగు గంటల పది.

"ముప్ఫై ఐదని వాళ్ళకెలా తెలుసు?"
డెబ్భై ఆరేళ్ళుగా అదే ప్రశ్న.
"ఆ మంచులో ఎవరు చూశారు?
నలభై అయ్యుండొచ్చుగా.
ఆ ఐదు నిమిషాలూ ఎవరి ఖాతాలో పడ్డాయి?"

నా దగ్గర జవాబు లేదు.
రెండో మేజోడు ఉంది.

తొడిగి, లేచి, కాగితం తీశాను.
వచ్చిన వేళ, ఎనిమిది ఐదు.
వెళ్ళిన వేళ ఖాళీ.
ఆఫీసులో వాళ్ళే నింపుకుంటారులే అని మడవబోతే
నా మణికట్టు పట్టుకుంది,
అరవై ఏళ్ళు చేపలు కోసిన చేతి పట్టు.
"అది నువ్వే రాయి.
ఇంకొకరికి వదలకు."

రాశాను. తొమ్మిదికి పది తక్కువ.

ఎక్కువైన పావుగంట
ఆఫీసువాళ్ళు కొట్టేశారు.