శుక్రారం నీళ్లు

రియాద్‌కు దక్షిణాన, హాయిర్ తొవ్వల
ఒక వాగున్నది.
పుట్టిన గుట్ట లేదు దానికి.
పుట్టింది మా ప్లాంటుల,
మూడో నంబరు ట్యాంకు కాడ,
నేను వాల్వు తిప్పితె.

పట్నమంత తానం జేసిన నీళ్లు,
గిన్నెలు తోమిన నీళ్లు, వజూ జేసిన నీళ్లు,
ఎవలో ఏడ్చి మొకం కడుక్కున్న నీళ్లు గూడ ఉంటయి,
లెక్కల రాయరు.
అన్నిటిని జల్లెడ వట్టి, గాలి గొట్టి, క్లోరిన్ వోసి
ఎడారిల ఇడిసిపెడ్తం.
అవి వొయ్యి వొయ్యి రెల్లు మొలిపిచ్చుకున్నయి,
కొంగల్ని పిలుచుకున్నయి.
చాపలెట్లొచ్చినయో
ఇంజనీరుకు గూడ తెల్వదు.

రొడేల్ మనీలా వొయ్యేటప్పుడు
మంచం కిందికెళ్లి తీసిండు
ఆరడుగుల కట్టె, దానికో రీలు.
నలభై రియాళ్లన్నడు, ముప్పైకిచ్చిండు.
తడిస్తె తుడువు, ఇసుక వడనియ్యకు అని
మూడుసార్లు జెప్పిండు,
పిల్లనిచ్చినోని లెక్క.

మేం గంగపుత్రులం.
మా నాయిన వల ఇసిరితె
నీళ్ల మీద పున్నమి లెక్క పడేది.
గాలాన్ని చూస్తె నవ్వేటోడు:
"ఒక్క చాపకు ఒక్క దినమా?
పనిలేని పోరగాండ్ల పని."
పద్నాలుగేండ్ల పనిల నాకు
వారానికొక్క దినం పనిలేకుంట దొరికింది నాయినా,
అందుకే పట్టుకున్న.

కుబ్బూస్ ముక్క నానవెట్టి
ఇంత పసుపు గలిపి, ఉండ జేసి
కొక్కానికి గుచ్చుత.
మొదటి నెలంత దారం నాకే చుట్టుకున్నది.
గాలం రెల్లును వట్టింది, నా టోపీని వట్టింది,
సూడాన్ ఇద్రీస్ అంగీని వట్టింది.
ఆయన నిమ్మలంగ ఊడదీసుకోని
నా మణికట్టు వట్టి
ఇట్ల గాదు, ఇట్ల, అని చూపిచ్చిండు.
మా ఇద్దరికి కలిసిన భాష
అదొక్కటే.

రీలుకు ఒక చిన్న బిరడా ఉంటది.
ఒదులు జేస్తె చాప గుంజినంత దారం వోతది,
బిగిస్తె తెగుతది.
నడుమ ఎక్కడ్నో ఒక టిక్కు కాడ
చాప నిన్ను ఇంటది, నువ్వు చాపను ఇంటవ్.
వలల ఇది లేదు.
వలల బరువుంటది గని ముచ్చటుండది.

రూముల పోశెట్టి అన్నడు:
"మనం గూడ అంతే కదనే,
వీసా కొక్కానికి తలిగిన చాపలం."
చాపకు ఓవర్ టైం లేదు,
ఊకో అన్న.

రంజాన్ ముందటి శుక్రారం
కట్టె ఇల్లు లెక్క వొంగింది.
ఇల్లు వొంగుతదా అని అడుగకు,
నాకట్లనే అనిపిచ్చింది.
గుంజి, ఇడిసి, గుంజి, ఇడిసి
ఒడ్డుకు తెస్తె జిలేబి చాప,
అరచెయ్యిన్నర ఉంటది,
మెడ కాడ జర ఎరుపు.
ఇద్రీస్ సంచి తెరిచి వట్టుకున్నడు.

చేప తినొద్దని బోర్డున్నది, నాలుగు భాషలల్ల,
తెలుగు లేదు.
బోర్డు కోసం గాదు.
ఎందుకో నాకే తెల్వదు.
ఈ చేతులకు పట్టుడు తెలుసు,
పొలుసు గీకుడు తెలుసు, తూకమేసుడు తెలుసు.
ఇడిసిపెట్టుడు మా ఇంట్ల ఎవలు నేర్పలే.

మోకాళ్ల దాంక దిగి
రెండు చేతుల నడుమ దాన్ని నిలవెట్టిన.
మొప్పలు తెరుచుకుంటున్నయి, మూసుకుంటున్నయి.
నేను కడిగిన నీళ్లు
దాని లోపలికి వొయ్యి బయటికొస్తున్నయి.
ప్రతి పూట సీసల వట్టి, రంగు చూసి
బాగున్నయని సంతకం వెట్టేది నేనే.
నమ్మింది మాత్రం
ఆ పొద్దే.

తోక ఒక్కటి గొట్టి వొయింది.
ఇద్రీస్ సంచిని, నన్ను మార్చి మార్చి చూసి
ఏదో అన్నడు. తిట్టే అయ్యుంటది.

తమ్మునికి ఫోటో పంపిన.
"కిలో ఎంతకు వోతదక్కడ?"
ఇడిసిపెట్టిన అని రాసిన.
టైపింగ్, టైపింగ్ అని చాన సేపు చూపిచ్చింది,
ఏం రాలే.

శనారం డ్యూటీ బస్సుల
పక్క సీటాయన ముక్కు మూసుకున్నడు.
సబ్బుతోటి మూడుసార్లు కడిగిన, నిజమే.
నాలుగోసారి
కడుగబుద్ధి గాలే.