జీ ప్లస్ త్రీ

ఈ గోడలు నేనే కట్టాను.
పెదజాలారిపేట వెనక, కొండకి ఆనించి
నాలుగు బ్లాకులు, బ్లాకుకి ముప్పై రెండు గుమ్మాలు.
ప్లాను కాయితంలో మనుషుల్లేరు.
తలుపు ఎటు తెరుచుకోవాలో చూపించే
పావు సున్నా గీతలున్నాయంతే.

మూడేళ్ళకి లీకేజీ అని కబురొస్తే
తాపీ, తట్ట పట్టుకుని వెళ్ళాను.
రెండో అంతస్తు మలుపు,
మనిషి తిరిగి పోడానికి వదిలిన నాలుగడుగుల చోటు.
అక్కడ తాతారావు
కాలి బొటనవేలికి వల తగిలించి చిరుగు అల్లుతున్నాడు.
ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ
వల ఎత్తి పట్టుకుని ఒంగి దాటుతున్నారు,
కరెంటు బిల్లు కొట్టేవాడు కూడా.
మెట్లు కట్టినప్పుడు
ఈ మర్యాద నేను కట్టలేదు.

పాకల్లో ఉండగా గుమ్మంలోంచే కెరటం కనిపించేది.
ఇప్పుడు తెల్లారుజామున కిందనించి కేక:
"ఒలే పరదేశమ్మా, సముద్రం ఎలాగుందే?"
లాటరీలో ఎవరికీ అక్కర్లేని పై అంతస్తు
తగిలింది ఆవిడకి.
అవుటర్ హార్బరు ఓడల దాకా చూసి చెబుతుంది
పడవలు దించాలో వద్దో.
ఇసకలో ఉన్నన్నాళ్ళూ
ఆవిణ్ణి ఎవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు.

తలుపుల సంగతి వేరు.
పట్టపగలు గడియ పెట్టుకోడం నేర్చుకున్నారు.
మూడొందల మూడులో అసిరయ్య జొరంతో పడుంటే
రెండ్రోజులు ఎవరికీ తెలీలేదు.
తడిక అయితే దగ్గు వినపడును.
నేను కట్టింది తొమ్మిదంగుళాల గోడ.
గట్టిది. మేకు దిగదు.

ఆ గోడకే కన్నం పెట్టింది పక్కింటి కొర్లమ్మ
చేపలు ఎండేసే జాగా కోసం
ఒకప్పుడు అతన్తో తెడ్డెత్తి కొట్లాడిన కొర్లమ్మే.
చేట పట్టేంత కన్నం.
ఇటునించి పులుసు వెళ్తుంది,
అటునించి దగ్గు వస్తుంది.

ఇంజినీరు గారు చూసి "మూసెయ్" అని
జీపు దగ్గరికి ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.
సిమెంటు కలిపాను.
ఇటిక అందుకోబోతే
అటునించి వణుకుతున్న చెయ్యొకటి
టీ గ్లాసు పెట్టింది కన్నంలో.
కాలిపోతోంది గ్లాసు.

తాగాను.
అంచులు చెక్కి, పైన కడప రాయి ముక్క అడ్డం వేసి
చుట్టూ నున్నగా పూత పూశాను.

"ఇదేంటి మేస్త్రీ?"
"లీకేజీ సార్. ఇది ఆగేది కాదు."

తట్టెడు సిమెంటు మిగిలింది.
తాతారావు కూచునే మెట్టు
ఒక జానెడు వెడల్పు చేద్దామా అని చూస్తన్నాను.